మంచిరేవుల నుండి మెలితే వరకు



ఈ నెల మన శీర్షికలో ఒక ప్రయాణమును గూర్చి వ్రాయుచున్నాము. ఇది మేము చేసిన ప్రయాణము కాదు. మా సంఘములోని యౌవన దంపతులు ఇద్దరు 2023 ఫిబ్రవరిలో చేసినది. ఇటలీ దేశములో మధ్యధరా సముద్రపు ఒడ్డు వెంబడి కారులో వెళ్లి, చివరకు మాల్టా ద్వీపమును చూచి వచ్చారు. తమ పేర్లు వ్రాయవద్దన్నారు గాని కథ వ్రాయమన్నారు. "మాలాంటి వాళ్లు ఇక్కడ ప్రతి అపార్టుమెంటులోనూ ఉన్నారు అయ్యగారూ, ఒక్క ఇంటికి పనికొచ్చినా చాలు" అన్నారు. కావున వారి అనుమతితోనే వ్రాయుచున్నాము.

పల్లెలలో ఉన్న మీలో అనేకులు హైటెక్ సిటీ పేరు విన్నవారే గాని ఊరు చూడలేదు. మీ పిల్లలు మాత్రము అక్కడే ఉన్నారు. 1998 నవంబరు 22న అప్పటి ప్రధానమంత్రి వాజ్‌పేయి గారు సైబర్ టవర్సును ప్రారంభించిన నాటికి మాదాపూరు చుట్టూ బండరాళ్లు, బీళ్లే ఎక్కువ. నేడు మాదాపూరు మొదలుకొని కొండాపూరు, గచ్చిబౌలి, రాయదుర్గము, నానక్‌రాంగూడ వరకు అద్దాల మేడలే. 2019లో మెట్రో రైలు వచ్చింది. 2020లో దుర్గం చెరువు మీద తీగల వంతెన వచ్చింది. రాత్రి పూట ఆ వంతెన దీపాలు చూడడానికి జనము వస్తారు. ఆ దీపాల వెలుగులోనే కంపెనీల క్యాబులు రాత్రి పనికి పోయేవారిని ఎక్కించుకొని పరుగెత్తుతుంటాయి. అమెరికా తూర్పు తీరములో ఉదయము తొమ్మిది గంటలైతే మనకు సాయంత్రము ఆరున్నర, చలికాలములోనైతే ఏడున్నర. వారి పగలు మన వారికి పని రాత్రి.

మేము చెప్పే దంపతులలో ఆ తమ్ముడిది ఖమ్మము వైపు, చెల్లెమ్మది తెనాలి దగ్గర పల్లె. ఇద్దరూ సాఫ్ట్‌వేరు ఉద్యోగులే. నార్సింగి దాటిన తరువాత ఔటర్ రింగు రోడ్డుకు దగ్గరగా మంచిరేవులలో వారి ఫ్లాటు. అతడు ఉదయము ఎనిమిదికి వెళ్లి రాత్రి ఎనిమిదికి వచ్చేవాడు. ఆమె సాయంత్రము అయిదుకు క్యాబు ఎక్కి తెల్లవారుజామున నాలుగుకు దిగేది. అతడు లేచేసరికి ఆమె నిద్ర. ఆమె లేచేసరికి అతడు ఆఫీసులో. వంటగదిలో ఫ్రిజ్ మీద అంటించిన చీటీలే వారి సంభాషణ. కరోనా కాలములో ఇద్దరూ ఇంటినుండే పనిచేశారు గాని, ఒకరు ఒక గదిలో, ఒకరు మరొక గదిలో, రెండు తలుపులూ మూసి.

వారికి ఒక్కతే పాప. రెండేండ్లు నిండినప్పటినుండి తెనాలి దగ్గర అమ్మమ్మ తాతయ్యల యొద్దనే ఉన్నది. "కొన్నాళ్లే" అని పంపారు. ఆ కొన్నాళ్లు అయిదేండ్లయ్యాయి. ఈలోగా కొల్లూరు వైపు రెండవ ఫ్లాటు బుక్ చేశారు. దానికి కంతులు, ఈ ఫ్లాటుకు కంతులు, కారుకు కంతులు. ఒక్క జీతము తగ్గినా బండి నడవదు.

పదవ పెళ్లిరోజుకు విదేశ ప్రయాణము పెట్టుకున్నామని, ప్రార్థన చేయమని వారు మా ఇంటికి వచ్చినప్పుడు మేము లోలోపల సణిగిన మాట దాచము. ఆ ఖర్చుతో మన పల్లెలో ఒక చిన్న ఇల్లు గోడల మట్టము వరకు లేస్తుందే అనుకున్నాము. వారి మధ్య ఏమి నడుస్తున్నదో మాకప్పుడు తెలియదు. ఆ తమ్ముడికి అమెరికాలో రెండేండ్ల పని వచ్చింది. ఒంటరిగా వెళ్లాలి. ఆ సంగతి మూడు వారాలు భార్యకు చెప్పలేదు. తెలిసినప్పుడు ఆమె ఏడవలేదట, "సరే వెళ్లండి" అన్నదట. ఈ ప్రయాణము ముగిసిన తరువాత ఎవరి దారి వారు చూచుకొందామనే మాట కూడ వారి మధ్య వచ్చింది. టిక్కెట్లు ముందే కొన్నారు గనుక వెళ్లివద్దామనుకున్నారు.

ఆ రోజు వారి కాగితములో నేపుల్సు అనే పేరు చూచి, మేము బైబిలు వెనుకనున్న పటము తెరిచాము. మా విదేశ జ్ఞానమంతా ఆ పటములోనిదే. నేపుల్సు ప్రక్కనే పొతియొలీ. పౌలు ఖైదీగా రోమాకు పోవుచు ఓడ దిగిన రేవు అది. దానికి ముందు రేగియు, దానికి ముందు సురకూసై, దానికి ముందు ఓడ బద్దలైన మెలితే ద్వీపము. "మీరు కారులో క్రిందికి దిగితే పౌలు వచ్చిన దారిలో ఎదురు వెళ్లినట్టవుతుంది" అన్నాము. ఆ ఒక్క మాటకు వారు దారి మార్చుకున్నారు. మెలితే అంటే నేటి మాల్టాయే. ఇటలీ వీసా షెంగెన్ వీసా గనుక మాల్టాకు కూడ అదే చెల్లింది. ఆర్.టి.ఏ. ఆఫీసులో అంతర్జాతీయ డ్రైవింగు పర్మిటు తీసుకొని బయలుదేరారు.

ఇక ప్రయాణము సంగతి, వారు చెప్పినట్లే వ్రాస్తాము.

పొతియొలీని ఇప్పుడు పొజ్జువోలీ అంటారు. ఊరి మధ్య పురాతన రోమీయుల సంత ఉండిన చోట మూడు పాలరాతి స్తంభాలు నిలిచియున్నాయి. వాటి మధ్యభాగములో చిన్న చిన్న తొర్రలు. సముద్రములో బ్రతికే గుల్ల పురుగులు తొలిచినవి అవి. నేలమీదనున్న స్తంభానికి సముద్రపు పురుగు ఎలా వచ్చింది? అక్కడి భూమి కుంగుతుంది, మరల లేస్తుంది. క్రింద అగ్నిపర్వతపు వేడి ఉన్నది. కొన్ని వందల ఏండ్లు స్తంభాలు సగము నీటిలో మునిగి, మరల పైకి వచ్చాయి. చెల్లెమ్మ ఆ తొర్రలను చూచి, "పైకి నిలబడినట్టే కనిపిస్తుంది, లోపల ఎంత కాలము మునిగి ఉన్నదో ఎవరికి తెలుసు" అనుకున్నదట. ఆ మాట భర్తతో చెప్పలేదు. తిరిగి వచ్చాక మా శ్రీమతితో చెప్పింది.

అక్కడినుండి దక్షిణముగా రేగియు వరకు సుమారు 500 కిలోమీటర్లు, మనకు హైదరాబాదునుండి కాకినాడ ఎంతో ఇంచుమించు అంత. సలెర్నో నుండి టోలు లేని పెద్ద రహదారి ఉన్నది. దానికి మధ్యధరా రహదారి అనే పేరు. కొండల గుండా సొరంగాలు, లోయల మీద ఎత్తైన వంతెనలు. వారు మధ్య మధ్య దానిని విడిచి సముద్రపు ఒడ్డునున్న పాత రోడ్డు పట్టారు. ఒక ప్రక్క కొండ, ఒక ప్రక్క నీలి సముద్రము. ఇటలీలో బండ్లు కుడివైపున నడుస్తాయి. అలవాటు లేని తమ్ముడు మలుపు మలుపుకు ఎడమకు పోబోవడము, చెల్లెమ్మ కేక వేయడము, అతడు కసురుకోవడము. "మొదటి రెండు రోజులు మేము మాట్లాడుకున్నది 'కుడి, కుడి' అనే మాటే అయ్యగారూ" అన్నాడు.

కలాబ్రియా ప్రాంతములో ఇండ్ల ముందు, అంగళ్ల ముందు ఎర్రని ఎండు మిరపకాయల దండలు వ్రేలాడుచుండగా చూచి చెల్లెమ్మ కారు ఆపమన్నది. గుంటూరు సీమ పిల్ల కదా! ఆ తీరములో దియమాంతె అనే ఊరిలో ఏటేటా సెప్టెంబరులో మిరపకాయల పండుగే జరుగుతుంది. మిరప వారికీ మనకూ కూడ అమెరికా ఖండమునుండి ఓడలలో వచ్చినదే. ఒక అంగడిలో మిరపకాయ కొరికి, ముసలి యజమాని కంగారుపడి నీళ్లు తెచ్చేలోగా ఆమె ఇంకొకటి కొరికిందట. ఆ నాడు ఇద్దరూ కలిసి నవ్వారు. ఎన్ని నెలల తరువాత నవ్వారో వారికే గుర్తులేదు.

ఫిబ్రవరి 5 రాత్రి రేగియులో, అనగా నేటి రెజ్జో పట్టణములో బస చేశారు. తెల్లవారకముందే ఫోను మ్రోగింది. ఇక్కడ మనకు ఉదయము పదిగంటలు. టర్కీ, సిరియా దేశాలలో గొప్ప భూకంపము వచ్చినదని, మధ్యధరా తీరాలకు సునామీ హెచ్చరిక ఇచ్చారని టి.వి.లో చూచి అమ్మమ్మ గుండెలు బాదుకుంటున్నది. నిజమే, ఇటలీ దక్షిణ తీరానికి ఆ తెల్లవారుజామున హెచ్చరిక ఇచ్చి, రైళ్లు ఆపి, తరువాత తీసివేశారు. 1908 డిసెంబరు 28న ఆ జలసంధికి ఇరువైపులనున్న రెజ్జో, మెస్సీనా పట్టణాలు భూకంపము వలనను సముద్రపు పొంగు వలనను నేలమట్టమైనవి. అందుచేత అక్కడివారికి ఆ మాట వింటేనే వణుకు. 2023లో టర్కీ, సిరియాలలో 50,000 మందికి పైగా చనిపోయారు. శిష్యులు మొట్టమొదట క్రైస్తవులనబడిన అంతియొకయ, నేటి అంతాక్యా, ఆ ఉదయమే శిథిలమైపోయింది.

అమ్మమ్మ చేతిలోనుండి ఫోను పాప తీసుకున్నది. "అమ్మమ్మ ఏడుస్తోంది మమ్మీ. నేను ఏడవలేదు. నాకు అమ్మమ్మ ఉందిగా" అన్నది.

ఏడేండ్ల బిడ్డ ధైర్యము చెప్పుటకే ఆ మాట అన్నది. కాని ఆ తల్లికి అది ఎక్కడ తగిలిందో తల్లులైన మీకు మేము వివరించనక్కరలేదు. అమ్మానాన్నలు రాకపోయినా ఆ బిడ్డకు లోటు లేదు. అంత దూరము జరిగిపోయింది. ఆమె ఫోను పెట్టివేసి సముద్రము వైపు తిరిగి కూర్చున్నది. అతడు సూట్‌కేసులు సర్దుచు ఉండిపోయాడు.

హెచ్చరిక తీసివేసిన తరువాత జలసంధి దాటారు. ఇటువైపునుండి అటువైపుకు ఇరుకైన చోట సుమారు మూడు కిలోమీటర్లే. పెద్ద పడవలో కార్లు ఎక్కిస్తారు, రైలు పెట్టెలను కూడ ఎక్కిస్తారు. ఇరవై నిమిషాలలో సిసిలీ. అక్కడినుండి మంచు కప్పిన ఎత్నా పర్వతము కనిపిస్తుంది. 3,300 మీటర్లకు పైబడిన ఎత్తు, కొనలో పొగ. తూర్పు తీరము వెంబడి సురకూసైకి, నేటి సిరాకూజాకు చేరారు. పౌలు అక్కడ మూడు దినములు ఆగాడు. పాత పట్టణము ఓర్తీజా అనే చిన్న దీవి మీద ఉన్నది. వంతెనలు దాటి పోవాలి. అక్కడి పెద్ద దేవాలయము క్రీస్తుకు పూర్వము అయిదవ శతాబ్దములో గ్రీకు దేవతకు కట్టిన గుడిలో ఇమిడియున్నది. ఆ పాత స్తంభాలు నేటికీ గోడలలో కనిపిస్తాయి.

ఫిబ్రవరి 8న పొజ్జాల్లో రేవులో కారు నిలిపి, మాల్టాకు ఓడ ఎక్కారు. గంటా నలభై అయిదు నిమిషాల ప్రయాణము. మాల్టా, దాని ప్రక్క దీవులు కలిపి 316 చదరపు కిలోమీటర్లు మాత్రమే. 1964 వరకు ఆంగ్లేయుల పాలనలో ఉండినది గనుక అక్కడ బండ్లు మనవలె ఎడమవైపున నడుస్తాయి. తేనె రంగు సున్నపురాతి ఇండ్లు. అరబ్బీకి దగ్గరి భాష, ఇంగ్లీషు లిపి. అక్కడి క్రైస్తవులు దేవుని "అల్లా" అనే పిలుస్తారు. ద్వీపానికి ఉత్తరాన పౌలు అఖాతము అనే చోటు ఉన్నది. ఓడ అక్కడే బద్దలైనదని ఆ ద్వీపవాసుల సంప్రదాయము. మరి కొందరు పండితులు వేరే చోటు చెబుతారు. ఎదుట చిన్న లంక మీద పౌలు విగ్రహము. ఫిబ్రవరి 10 ఆ ఓడ బద్దలైన సంగతిని జ్ఞాపకము చేసుకొనే పండుగ, దేశమంతటికి సెలవు. పండుగ చూచే వీలు వారికి లేదు. 9న తిరుగు ఓడ, 10న సిసిలీలోని కతానియా నుండి విమానము.

కాని 9న ఓడ కదలలేదు. హేలియోస్ అనే తుఫాను ఆ రెండు రోజులు సిసిలీని, మాల్టాను కొట్టింది. అలలు ఒడ్డునున్న రోడ్డు మీద పడుచున్నవి. విమానము పోయింది. టిక్కెట్ల డబ్బు పోయింది. చెల్లెమ్మ ల్యాప్‌టాపు తెరిచి ఆఫీసు మీటింగులో కూర్చుందామంటే కరెంటు ఉండి పోయి, ఉండి పోయి, చివరకు మూసివేసింది. పదేండ్ల కాపురములో మొదటిసారి ఇద్దరికీ పోవుటకు చోటు లేదు, చేయుటకు పని లేదు.

గది అద్దెకిచ్చిన ఆమె డెబ్బది ఏండ్లు దాటిన విధవరాలు. గదిలో చలికి వణకుచున్న వీరిని తన వంటింట్లోకి పిలిచి, గ్యాసు హీటరు వెలిగించి, కూరగాయలన్నీ వేసి మరిగించిన చిక్కని సూపు, రొట్టె పెట్టింది. దానికి డబ్బు తీసుకోలేదు. తడిసి చలిలోనున్న ఓడవారికి ఆ ద్వీపవాసులు నిప్పు రాజబెట్టి అందరిని చేర్చుకున్నారని అపొస్తలుల కార్యములు 28వ అధ్యాయము ఆరంభములో ఉన్నది. తమ్ముడు ఆ సంగతి చెప్పగా ఆమె, "అది మా తాతల సంగతి కదా" అన్నదట, నిన్న జరిగినట్టే.

ఆమె గోడ నిండ ఫోటోలు. ముగ్గురు పిల్లలు, మనుమలు, అందరూ ఆస్ట్రేలియాలో. రెండవ ప్రపంచ యుద్ధము తరువాత మాల్టావారు వేలాదిగా అక్కడికి వలస వెళ్లారు. "మీకు పిల్లలా?" అని ఆమె అడిగింది. చెల్లెమ్మ ఫోనులో పాప ఫోటో చూపింది. "ఎవరి దగ్గర ఉన్నది?" "మా అమ్మ దగ్గర." "ఎన్ని రోజులకు?" చెల్లెమ్మ అయిదేండ్లని చెప్పలేకపోయింది. ఆ ముసలామె ఇంకేమీ అడగలేదు. "పిల్లలు ఆగరమ్మా. మనము ఆగమన్నా పెరుగుతూనే ఉంటారు" అని గిన్నెలు కడగడానికి లేచింది.

ఆ మధ్యాహ్నము వారిద్దరు గట్టిగానే పోట్లాడుకున్నారు. అయిదేండ్లుగా అననివన్నీ అన్నారు. అమెరికా సంగతి, ఫ్లాటు సంగతి, ఎవరు ఎవరిని ఒంటరిగా విడిచిన సంగతి. సాయంత్రమునకు అలసిపోయి, ఆ చోటి వాక్యమే గదా అని 27వ అధ్యాయము తీశారు.

పాఠకులారా, ఆ అధ్యాయము మీరు ఎన్నిసార్లు చదివారో. ఓడ క్రేతులో మంచిరేవులు అనే చోట ఆగింది. మంచిరేవులు! ఆ తమ్ముడు అక్కడ ఆగిపోయాడట. "మన ఊరి పేరే" అన్నాడట. అక్కడినుండి కదలవద్దని పౌలు హెచ్చరించాడు. శతాధిపతి పౌలు మాటకంటె ఓడ నడిపేవానిని, ఓడ యజమానిని ఎక్కువ నమ్మాడు. అనేకుల ఆలోచన కూడ అదే. దక్షిణపు గాలి మెల్లగా విసరింది గనుక అనుకున్నది సమకూడినట్లే తోచింది. తరువాత ఊరకులోను అనే పెనుగాలి. మాల్టావారు నేటికీ ఆ ఈశాన్యపు గాలికి భయపడతారు. 1848లో జేమ్సు స్మిత్ అనే స్కాట్లాండు దేశస్థుడు ఓడ ఆ గాలికి కొట్టుకొనిపోయే వేగము, దూరము లెక్కగట్టి, లూకా వ్రాసిన పదునాలుగు రాత్రులకు అది సరిపోవుచున్నదని పుస్తకము వ్రాశాడు.

ఆ రాత్రులలో వారు ఏమి చేశారు? మొదట సరుకు పారవేశారు. మూడవ దినమున ఓడ సామగ్రిని తమ చేతులతోనే పారవేశారు. చివరకు గోధుమలను కూడ సముద్రములో పోశారు. ఓడ దక్కలేదు. 276 మంది ప్రాణాలు దక్కాయి. మధ్యలో నావికులు లంగరులు వేస్తున్నట్టు నటించి, చిన్న పడవ దించి తప్పించుకొనిపోజూడగా, పౌలు మాట విని సైనికులు ఆ పడవ తాళ్లు కోసివేశారు.

"నా అమెరికా ఉత్తరమే ఆ పడవ" అని తమ్ముడు మొదట అన్నాడు. చెల్లెమ్మ ఓడ టిక్కెట్టు వెనుక వ్రాయడము మొదలుపెట్టింది. మన ఓడలో సరుకు ఏమిటి? కొల్లూరు ఫ్లాటు. సామగ్రి ఏమిటి? రాత్రి పని, దానికిచ్చే అదనపు భత్యము. గోధుమలు? "అవసరమైతే నా ఉద్యోగమే" అని ఆమె అన్నది. అతడు కొంతసేపు ఊరకుండి, "నీదే ఎందుకు? నాదీ సరుకే. ఏది ముందు పోవాలో ఇద్దరము చూద్దాము" అన్నాడట. ఆ మాటతో తన గుండెలోని గడ్డ కరిగిందని చెల్లెమ్మ చెప్పింది.

12న గాలి తగ్గి ఓడ కదిలింది. పౌలుకు అదే ద్వీపము మీద మూడు నెలలు పట్టింది, వీరికి మూడు రోజులు.

తిరిగి వచ్చిన తరువాత జరిగినది సులువుగా జరగలేదు. ఫ్లాటు బుకింగు రద్దు చేసుకుంటే మూడు లక్షలకు పైగా పోయింది. అమెరికా పనికి అతని స్నేహితుడు వెళ్లాడు. ఇతడు ఉన్న మెట్టు మీదనే ఉన్నాడు. చెల్లెమ్మకు పగటి పని మే నెలలో గాని దొరకలేదు, జీతము తగ్గింది. తెనాలిలో అమ్మమ్మకు కోపము వచ్చింది. "రెండో ఇల్లు కొన్నారని ఊరంతా చెప్పుకున్నాను, ఇప్పుడు ఏమని చెప్పను? పైగా పిల్లనూ తీసుకుపోతారా?" అన్నది. ఆ తల్లి ఏడ్పు న్యాయమైనదే. ఆమె ఒడిని ఖాళీ చేసి గాని ఈమె ఒడి నిండదు. జూనులో బడులు తెరిచినప్పుడు పాప మంచిరేవులకు వచ్చింది. నెల రోజులు సరిగా తినలేదు. రాత్రి లేచి "అమ్మమ్మా" అని పిలిచేది, మమ్మీ అని కాదు. చెల్లెమ్మ ప్రతి రాత్రి లేచి వెళ్లి ప్రక్కన కూర్చునేది. అమ్మమ్మ తాతయ్యలు రెండు నెలలు వచ్చి ఉన్నారు. ఇప్పుడు ప్రతి సెలవుకు పాప తెనాలి వెళుతుంది. గత ఆదివారము సండేస్కూలులో బైబిలు పటము మీద మెలితే ఎక్కడున్నదో మాకు వ్రేలు పెట్టి చూపించింది. "మా మమ్మీ డాడీ ఇక్కడ ఇరుక్కుపోయారు" అన్నది నవ్వుచు.

ఇక మా సంగతి ఒకటి ఒప్పుకొనవలసి ఉన్నది. లూకా ఈ ప్రయాణమును "మేము" అని వ్రాస్తాడు. ఓడలో తానును ఉన్నాడు. మేమును ఈ ఓడలో ఉన్నాము. ఆ దంపతులు కొల్లూరు ఫ్లాటు బుక్ చేసిన ఆదివారము సాక్ష్యము చెప్పగా మేమే ముందుగా స్తోత్రమని చప్పట్లు కొట్టించాము. కొత్త ప్యాకేజీకి కృతజ్ఞత కూడిక పెట్టాము. అయిదేండ్లలో ఒక్కసారి కూడ "పాప ఎక్కడమ్మా?" అని అడగలేదు. ఓడ యజమాని మాట నమ్మిన శతాధిపతికీ మాకూ భేదమేమి? సరుకును దీవెన అని పిలిచినవారిలో కాపరులమైన మేము మొదటివారము.

పల్లెలలోనున్న తలిదండ్రులారా, పట్టణములో ఉన్న మీ కొడుకును, కోడలిని, కూతురును, అల్లుని ఈసారి ఫోనులో జీతమెంత, స్థలమెక్కడ కొన్నారు అని అడుగుటకు ముందు, "ఇద్దరూ కలిసి అన్నము తిని ఎన్నాళ్లయింది?" అని అడగండి. మనుమలను పెంచుచున్న అమ్మమ్మలారా, నాయనమ్మలారా, మీ ప్రేమకు వందనములు. కాని "కొన్నాళ్లు" అంటే ఎన్నాళ్లో ఒక తేదీ పెట్టమనండి. భార్యాభర్తలారా, ఇది చదివి మాల్టా పోనక్కరలేదు. కరెంటు పోయిన సాయంత్రము చాలు. ఒక కాగితము తీసుకొని మీ ఓడలోని సరుకు వ్రాయండి. వ్రాసినప్పుడు ఒకరి సరుకు మాత్రమే వ్రాయకండి.

ఈ నెల కుటుంబ ప్రార్థనలో అపొస్తలుల కార్యములు 27, 28 అధ్యాయములను నాలుగు రాత్రులుగా పంచుకొని చదవండి. పిల్లలచేత చదివించండి. పటము మీద ఊర్లు చూపించండి.

ప్రభువు మీ ఇంటిలోని ప్రతి ప్రాణమును క్షేమముగా దరి చేర్చునుగాక. ఆమేన్.